బార్బర్ షాపులో ఒంటె ఇంజను

లామార్ కిస్లర్ బార్బర్ షాపుకి సోమవారం సెలవు. తలుపుకి "మూసి ఉంది" అన్న బోర్డు వేలాడుతున్నా లోపల దీపాలు మాత్రం వెలుగుతూనే ఉండేవి. వీధిలో పోయేవాళ్ళు కిటికీ అద్దంలోంచి చూస్తే నలుగురైదుగురు పెద్దమనుషులు తలలెత్తి గోడ వంక చూస్తూ కనిపించేవారు. కొత్తవాళ్ళయితే కప్పు కారుతోంది కాబోలు అనుకునేవారు. పెన్సిల్వేనియా బొగ్గు కొండల్లోని ఆ చిన్న ఊరివాళ్ళకి మాత్రం తెలుసు, వాళ్ళు చూసేది రైలునని.

షాపు చాలా ఇరుకు. రెండు కుర్చీలు, ఒక బేసిను, గోడవారగా బెంచీ. లామార్ రైలుకి మిగిలిన చోటల్లా అద్దాల పైన గోడ చుట్టూ జానెడు వెడల్పున బిగించిన చెక్క ఒక్కటే. అందుకే అతను చిన్న సైజు రైళ్ళ వైపు మళ్ళాడు. వాటిలో ఇంజను చూపుడు వేలు కన్నా కాస్త పొడుగు, వ్యాగను బొటనవేలంత. ఆ చెక్క మీదే ఊరంతా కట్టేశాడు. బొగ్గు పగలగొట్టి జల్లించే ఎత్తయిన మిల్లు, ఉక్రెయిన్ వాళ్ళ చర్చి గుమ్మటం, ఒకదాన్నొకటి ఆనుకున్న ఇళ్ళ వరస, వాటి వెనక బొగ్గు జల్లించగా మిగిలిన నల్లటి తుక్కు గుట్టలు. ఆ గుట్టలకి అసలు బొగ్గుపొడే వాడాడు. వెంట్రుకలంటే ఆ రైలుకి ప్రాణగండం. ఒక్కటి చక్రానికి చుట్టుకుందంటే బండి నిలబడిపోయేది. కస్టమర్ల మెడ దులిపే బ్రష్షు లాంటిదే ఇంకోటి కొని, రోజూ పొద్దున్నే దాంతో పట్టాలు తుడిచేవాడు.

అన్నీ ఉన్నాయిగాని, ఆ ఊరి ఇంజను లేదు. ఆ లోయలో బొగ్గు లాగినవన్నీ ఒంటె ఇంజన్లే. అక్కడి బొగ్గు రాయిలా గట్టిది, తీరుబడిగా మండే రకం, దానికి వెడల్పాటి పొయ్యి కావాలి. పొయ్యి వెనక భాగమంతా ఆక్రమించేసరికి డ్రైవరు గదిని తీసుకెళ్ళి బాయిలరు నడుం మీద మూపురంలా కూర్చోబెట్టారు. డ్రైవరు మధ్యలో, పొయ్యిలో బొగ్గు వేసే ఫైర్‌మన్ ఎక్కడో వెనకాల రేకు చూరు కింద. చూడ్డానికి ఏమంత అందమైనది కాదు. లామార్ కంటికి మాత్రం అంతకు మించిన ఇంజను లేదు. పెద్ద సైజు బొమ్మల్లో అది దొరికేది. చిన్న సైజులో అతనికి తెలిసిన కంపెనీ ఏదీ చెయ్యలేదు.

విచిత్రం ఏమిటంటే, లామార్ తండ్రి ఎల్వుడ్‌కి అదే ఇంజనంటే ఒళ్ళుమంట. ఆయన వయసులో ఉండగా ఆ ఇంజను మీద ఫైర్‌మన్‌గా పనిచేశాడు. ఎనభై దాటాక రోజూ కొడుకు షాపుకొచ్చి, ఖాళీగా పడున్న రెండో కుర్చీలో కూర్చుని పేపరు చదివేవాడు.

"ముందు వైపు వేగిపోయేవాణ్ణి, వెనక వైపు గడ్డకట్టేవాణ్ణి" అనేవాడు, ఎవరూ అడగకపోయినా. "ఆ దరిద్రపు బండిని తుక్కుకి పంపిన రోజు మీ అమ్మని తీసుకెళ్ళి డాన్సు చేశాను. నువ్వు దాన్ని బొమ్మ చేసి నా నెత్తి మీద తిప్పుతానంటావేంట్రా?"

"బడి కంచె దగ్గర నిలబడి చూసేవాణ్ణి నాన్నా. నేను చెయ్యూపితే నువ్వు పార ఊపేవాడివి."

"నీకెవడు ఊపాడు? చేతులు కొంకర్లు పోకుండా విదిలించుకునేవాణ్ణి."

ఏటా అక్టోబరులో జిల్లా ఎగ్జిబిషన్ హాల్లో రైలు బొమ్మల సంత జరిగేది. బొమ్మల కంపెనీ తరఫున ప్రూయిట్ అనే ఆవిడ వచ్చి అక్కడ బల్ల వేసుకునేది. లామార్ తిన్నగా ఆవిడ దగ్గరికే వెళ్ళి అదే ప్రశ్న అడిగేవాడు. కొనేవాళ్ళు చాలరని ఒక ఏడు, ఆ బాయిలరులో మోటారు పట్టదని మరో ఏడు, చూద్దామని ఇంకో ఏడు ఆవిడ చెప్పేది. లామార్ ఎప్పుడూ కోప్పడలేదు. భార్య ఆర్లీన్ బెల్లప్పాకంతో చేసిచ్చిన 'పై' అనే తీపి రొట్టె ఆవిడ బల్ల మీద పెట్టి, కుశలం అడిగి వచ్చేసేవాడు.

"నన్ను పెళ్ళికి ఒప్పించడానికి కూడా నువ్విన్ని సార్లు తిరగలేదు" అనేది ఆర్లీన్, మూకుడులోని 'పై'ని గుడ్డలో చుట్టిస్తూ.

"నువ్వు మొదటిసారికే ఒప్పుకున్నావుగా."

"అదే నేను చేసిన పొరపాటు. లేకపోతే ఆ 'పై'లు నేనే తినేదాన్ని."

సోమవారం బృందంలో ఓపిక లేనివాడు బెర్నీ యుర్కోనిస్. ప్లంబింగ్ పని అతనిది. కంపెనీ మొహం చూస్తూ కూర్చుంటే మనం పాడె ఎక్కుతాం, మనమే చేసుకుందాం అని తేల్చాడు. ఒక పాత చిన్న ఇంజను చక్రాలు, మోటారు తీసుకుని, ఇత్తడి గొట్టం కోసి బాయిలరు చేసి, రేకు ముక్కలతో మూపురం అతికించాడు. చలికాలమంతా పట్టింది. చూపుకి ఫరవాలేదుగాని, పోసిన టంకంతో బరువు మాత్రం బాగా ఎక్కింది. సోమవారం దాకా ఆగమని లామార్ ఎంత చెప్పినా వినకుండా, షాపు కిటకిటలాడుతున్న శనివారమే దాన్ని పట్టాల మీద పెట్టాడు.

ఇంజను చర్చి దాటింది, ఇళ్ళ వరస దాటింది. బెంచీ మీద వాళ్ళంతా మాటలాపేశారు. అద్దం మూల మలుపు దగ్గర అది కొంచెం ఒరిగింది, ఇంకొంచెం ఒరిగింది, ఆపైన నేరుగా సబ్బు నురగ గిన్నెలో పడింది. నురగంతా చింది కుర్చీలో ఉన్న ప్రాసర్ గారి ముఖాన పడింది. ప్రాసర్ గారిది ఊళ్ళో శవాలని సాగనంపే వ్యాపారం. ఆయన కళ్ళు తెరవకుండానే, "ఎవరూ పోలేదు కదా?" అన్నాడు. లేదని లామార్ చెప్పాడు. "అయితే నాకేం పని లేదు. గీయి" అన్నాడు. ఎల్వుడ్ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. ఆ ఇంజనుకి చెయ్యాల్సిన మర్యాద అదేనట.

ఆ అక్టోబరులో బెర్నీతో కలిసి సంతకి వెళితే, లామార్ నోరు తెరవకముందే ప్రూయిట్ బల్ల కింద నుంచి ఒక డబ్బా తీసింది.

"కిస్లర్ గారూ, ముందు కూర్చోండి" అంది.

డబ్బాలో, మెత్తటి స్పాంజి పొర మీద, రంగు వెయ్యని బూడిద రంగు చిన్న సైజు ఒంటె ఇంజను నమూనా ఉంది. మూపురం, వెనక రేకు చూరు, వెడల్పాటి పొయ్యి, అన్నీ ఉన్నాయి. పెద్ద సైజుది బాగా అమ్ముడుపోయిందట, కంపెనీవాళ్ళు ధైర్యం చేశారట, వచ్చే వసంతానికి దుకాణాల్లోకి వస్తుందట. లామార్ దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తెచ్చిన 'పై' ఇవ్వడం మరిచిపోయి, కారు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చి ఇచ్చాడు.

ఇంటిదారిలో అతను ఇంజను ఊసే ఎత్తకపోవడం చూసి బెర్నీకి అనుమానం వచ్చింది.

"ఏరా, సంతోషంగా లేదా?"

"ఉందిరా. వచ్చే ఏడు ఆవిడతో ఏం మాట్లాడాలా అని ఆలోచిస్తున్నా."

బెర్నీ ఎగాదిగా చూసి, పిచ్చివాడివి అని ఒక్క ముక్క అని, దారిలో హోటలు దగ్గర ఆపమన్నాడు. ఇద్దరూ కూర్చుని, బంగాళాదుంప కూరి ఉడికించిన పియరోగీలు కడుపునిండా తిన్నారు. రెండో పళ్ళెం వచ్చేసరికి లామార్ గొంతు విప్పాడు. ఆ ఇంజను వెనక ఎన్ని వ్యాగన్లు కట్టాలో, మలుపు దగ్గర పట్టా ఎంత పైకెత్తాలో ఇల్లు చేరేదాకా ఆపకుండా చెబుతూనే ఉన్నాడు.

మంచు కరిగాక ఇంజను వచ్చింది. సోమవారం అందరూ చేరారు, ఆర్లీన్ కూడా వచ్చింది. నల్లగా మెరుస్తూ అది మిల్లు దగ్గర బయల్దేరి, బెర్నీ ఇంజను పడిపోయిన మలుపుని చప్పుడు లేకుండా దాటి, గోడ చుట్టూ తిరిగి వచ్చింది. ఎల్వుడ్ రెండో కుర్చీలో పేపరు మొహాన కప్పుకుని నిద్ర నటిస్తున్నాడు. కాసేపటికి పేపరు కిందకి జరిగింది.

"దాన్నిలా తే" అన్నాడు. భూతద్దం కూడా తెమ్మన్నాడు. చాలాసేపు చూశాడు.

"ఫైర్‌మన్ ఏడి?"

డ్రైవరు గదిలో ఒక మనిషి ఉన్నాడు. వెనకాల చూరు కింద ఎవరూ లేరు. కంపెనీవాళ్ళు పెట్టలేదని లామార్ చెప్పాడు.

"మరి బొగ్గెవడు వేస్తున్నాడ్రా?"

లామార్ చెక్క మీది స్టేషనులో నిలబెట్టిన ప్రయాణికుల బొమ్మల్లోంచి గొడుగు పట్టుకున్నవాణ్ణి ఒకణ్ణి పీకాడు. గొడుగు కోసేసి, వెండి కాగితం ముక్కతో పార చేసి చేతికి అతికించాడు. గోధుమ గింజంత మనిషి. ఎల్వుడ్ పక్కనే కూర్చుని పని చేయించాడు. నడుం వంచమన్నాడు, నిటారుగా నుంచుని ఎవడూ బొగ్గు వెయ్యడన్నాడు. సూటు మరీ శుభ్రంగా ఉందన్నాడు. లామార్ దానికి బొగ్గుపొడి పులిమాడు. ఇంకా పులమమన్నాడు.

ఆ పని జరుగుతుండగానే ఎల్వుడ్ అంతవరకూ ఎన్నడూ చెప్పని సంగతి చెప్పాడు. ఏళ్ళ తరబడి ఆయనకి డ్రైవరు యాన్సన్ రెపర్ట్ అనే మనిషి. బండి నడుస్తున్నంతసేపూ ఇద్దరి మధ్యా అంత పొడుగు బాయిలరు, మాట్లాడుకోవడానికి వీల్లేదు. యాన్సన్ ఇంజను కూత వేయించే తీరుని బట్టి ఆయన మనసులో ఏముందో ఎల్వుడ్‌కి తెలిసేదట.

"గడ్డకట్టే చలిలో బండాగగానే దిగి వెనక్కి నడిచొచ్చేవాడు. తన ఫ్లాస్కులో సగం కాఫీ నాకోసం అట్టే పెట్టేవాడు. ఒక్క రోజూ తప్పలేదు" అన్నాడు. భూతద్దం పక్కన పెట్టి, "ఇంజనుది ఏముందిలే. మనుషులు మంచివాళ్ళు" అన్నాడు.

ఆ తరవాత రైలు నడిపే మీట ఎల్వుడ్ చేతికే వెళ్ళింది. లామార్ రెండో కుర్చీని గోడవైపు తిప్పి బిగించాడు. శనివారాలు జుట్టు కత్తిరించుకుందామని వచ్చినవాళ్ళు తమ వంతు వచ్చినా బెంచీ మీంచి లేచేవారు కాదు. బండి మిల్లు దగ్గర ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఎవరైనా బేస్‌బాల్ కబుర్లు మొదలెడితే ఎల్వుడ్ చెయ్యెత్తి నోరు మూయించేవాడు. వెనకాల మనిషి పనిలో ఉన్నాడు, గోల చెయ్యకండి అనేవాడు. లామార్ కత్తెర ఆపి, బండి పైకి చేరేదాకా తనూ చూసి, మళ్ళీ పనిలో పడేవాడు.