మిలాన్ సార్ సంతకం పెట్టని కాగితం

దోహాలో సాయంత్రం పచ్చికకు నీళ్లు కొడుతుంటే తడి ఇసుక వాసన లేస్తుంది. మా పిల్లలు ఆ తుంపరల్లో ఎగురుతారు. నాకు ఒళ్లు మండుతుంది. మిలాన్ సార్ గుర్తొస్తారు.

ఫుట్‌బాల్ ప్రపంచకప్పు కోసం ఊరంతా తవ్విపోస్తున్న రోజుల్లో ఆయన మా సైటులో సేఫ్టీ ఆఫీసరు, నేను టైపిస్టును. సెర్బియాలో ఆయన కవి, నవలా రచయిత. రెండు కవితా సంపుటాలు, ఒక నవల. కవిత్వం కూడు పెట్టదని నవ్వేవారు. ఎవరికి దెబ్బ తగిలినా, పక్కన పనిచేసినవాణ్ణి కూర్చోబెట్టి, అంతకుముందు ఆ మనిషి ఏమన్నాడో అడిగాకే రిపోర్టు రాసేవారు. "ఇదేమైనా కథా సార్?" అని ఓసారి విసుక్కున్నాను. "కథైతే అబద్ధమాడొచ్చు" అన్నారు, వచ్చీరాని హిందీలో.

ఒక ఆగస్టు మధ్యాహ్నం మెట్‌పల్లి దిక్కు గంగారాం ఇనుము కడుతూ ఎండకు కుప్పకూలి చచ్చిపోయాడు. మిలాన్ సార్ వెస్ట్ బేలోని పైఆఫీసులో మీటింగుకు వెళ్లారు. "గుండెపోటని టైపు కొట్టు. విచారణ లేకపోతే శవం వారంలో ఇల్లు చేరుతుంది" అన్నాడు మేనేజరు. శవం కోసం నెలల తరబడి ఎదురుచూసే ఇళ్లు నాకు తెలుసు. పుణ్యమనుకుని కొట్టాను. గంగారాంతో జోడీగా పనిచేసే రాజన్న తలుపు దగ్గరే నిలబడ్డాడు. "నీళ్లకు పోతనని రెండుసార్లు అడిగిండు సార్. ఫోర్‌మన్ పోనియ్యలే" అన్నాడు. విన్నాను. అయినా మార్చలేదు.

మిలాన్ సార్ వచ్చి కాగితం చదివి, రాజన్న ఏమన్నాడని అడిగారు. చెప్పాను.

"ఇందులో లేదేం?"

"శవం తొందరగా పోతుంది కదా సార్."

ఆయన ముఖం ఎర్రబడింది. "యుద్ధంలో మా ఊరి ఆసుపత్రిలో నేనూ గుమాస్తానే. ఒక తల్లి తట్టుకోలేదని, ఆమె కొడుకు జ్వరంతో పోయాడని రాశాను. వాణ్ణి కొట్టి చంపారు. చంపినవాళ్లు నా కాగితం చూపించే తప్పించుకున్నారు. నా నవలంతా ఆ ఒక్క కాగితం గురించే."

చేత్తోనే నిజం రాసి పైఆఫీసుకు పంపారు. కంపెనీ నాలుగు రోజుల్లో ఆయన్ను విమానం ఎక్కించింది. ఆయన రాసింది చించేసి, నా కాగితం నా ముందే పెట్టారు. ఉద్యోగం పోతుందని ఆయన తరఫున నేనే సంతకం పెట్టాను. శవం వారంలోనే వెళ్లింది.

కంపెనీని తిట్టని రోజు లేదు. తిట్టడానికి ధైర్యం అక్కర్లేదు. నిరుడు గంగారాం భార్యకు ఫోన్ చేసి అంతా చెప్పేశాను.

"గల్ఫ్‌ల గుండె ఆగిందన్నరు. మా అత్త నన్నే అన్నది, నేను పెట్టిన దిగులుతోనే పోయిండని" అంది. "గిది నీకు ఎరికే గదా అన్నా. ఇన్నేండ్లు ఏం జేసినవ్?"