సందులేని పెట్టె

బీరువాలు, మంచాలు చేసే మా షెడ్డులో ఆయన్ని సందులేని మేస్త్రి అంటారు. ఆయన రెండు చెక్కలు కలిపాడంటే మధ్యలో వెంట్రుక దూరదు. నేను మాత్రం బావా అని పిలుస్తాను. చుట్టరికం ఏమీ లేదు. పక్కపక్క గదుల్లో ఉంటాం. ఆయన భార్యని నేను అక్కా అనేవాణ్ణి, ఆ వరసన ఆయన బావ. షెడ్డులో ఆయనది చెక్కపని, నాది లారీలోంచి పలకలు దించే పని.

అక్క పోయాక ఆ గదిలోంచి మాట వినపడటం మానేసింది. షెడ్డులో కూడా ఆయనకి మాట్లాడేంత పని లేదు. పలకలన్నీ ఎక్కడో మిషన్ మీద కోసి, బెజ్జాలు కూడా పెట్టి పంపుతున్నారు. స్క్రూలు బిగిస్తే బీరువా అయిపోతుంది. ఆయన ఉలి సంచిలోంచి బయటికి రాదు. రోజంతా స్క్రూలు తిప్పి, మణికట్టు నొక్కుకుంటూ ఇంటికొస్తాడు.

అలాంటి మనిషి ఒకరోజు కంప్యూటరు మొదలుపెట్టాడు. కొనలేదు, కట్టాడు. మా వీధి చివర పాత కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఉంది. అది నడిపే అమ్మాయి ఏ ముక్క దేనికి సరిపోతుందో చూపించి ఇచ్చింది.

"రేకు డబ్బా కూడా ఉంది పెద్దనాన్నా, అందులో బిగించుకోండి" అంది.

"రేకు డబ్బాలో బిస్కెట్లు పెట్టుకుంటారమ్మా" అన్నాడు బావ.

పాత తలుపు చెక్క ఒకటి చిత్రిక పట్టి పెట్టె చేశాడు. రెండు చేతుల వేళ్ళు ఒకదానిలో ఒకటి దూర్చినట్టు మూలలు కలిపాడు. వెనక పలక గాడిలో జారి కూర్చుంటుంది. వైరు దూరే బెజ్జాలు వైరంతే పెట్టి, మిగిలిన కాస్త చోటు కూడా దుమ్ము దూరకుండా లక్కతో మూసేశాడు. ఎన్నాళ్ళకో ఆయన చెవి వెనక పెన్సిలు చూశాను.

ఇదంతా చదరంగం కోసం. ఇదివరకు అక్కతో ఆడేవాడు. ఎక్కువగా ఆవిడే గెలిచేది. కంప్యూటర్లో ఎవరితోనైనా ఆడొచ్చని కొట్టు అమ్మాయి చెప్పాక ఆయనకి ఈ ఆలోచన పుట్టింది. అక్కడ ఒకరు దొరికారు. పేరు లేదు, ముఖం లేదు, గొడుగు బొమ్మ ఒకటి ఉంటుంది. బావ పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కునే వేళకి ఆ గొడుగు వచ్చి ఉండేది.

"ఇంతకీ ఆడా మగా బావా?"

"గొడుగురా."

"ఏ ఊరో అడక్కపోయావా?"

"సంబంధం మాట్లాడటానికి వెళ్ళానా? పక్కకి జరుగు, ఏనుగు కనపడట్లేదు."

అప్పుడే మిషన్ ఆగిపోవడం మొదలైంది. ఆట మధ్యలో చప్పుడు లేకుండా తెర నల్లబడేది. కాసేపటికి మళ్ళీ వెలిగేది గానీ, ఈలోగా ఆట పోయేది. బావ ప్లగ్గు మార్చాడు. వైరు మార్చాడు. కరెంటు తేడా ఏమో అనుకుంటే బల్బు నిలకడగానే వెలుగుతోంది. మిషన్ని నా గదిలోకి మోసుకొచ్చి పెట్టాం. అక్కడ కూడా ఆగిపోయింది.

ఒక సాయంత్రం గొడుగు బొమ్మ కింద ఒక మాట వచ్చి ఉంది. బావ కళ్ళజోడు సర్దుకుని పైకి చదివాడు.

"ఓడిపోయేటప్పుడల్లా మీకు కరెంటు పోతుందా?"

నాకు నవ్వొచ్చింది. ఆయన మొహం చూసి ఆపుకున్నాను.

"నిన్న గెలుస్తున్నది నేనురా" అన్నాడు. "పారిపోతున్నాననుకుంటున్నారు."

జవాబు రాయడానికి కూర్చున్నాడు. ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ. సగం రాశాడో లేదో తెర నల్లబడింది. ఆ వేలు అలాగే మీట మీద ఉండిపోయింది.

మర్నాడు పెట్టెలోంచి సామానంతా విప్పి, చిన్న పలక మీద పెట్టుకుని కొట్టుకి తీసుకెళ్ళాడు. అక్కడ అది పొద్దస్తమానం చక్కగా నడిచింది.

"దీనికేం రోగం లేదు పెద్దనాన్నా. మీ ఇల్లు నచ్చలేదేమో" అంది అమ్మాయి.

ఆమె సరదాకే అంది. బావ పలక మోసుకుని ఇంటికొచ్చాడు. గది తాళం తీస్తూ, "నాకు మాత్రం నచ్చిందా ఏమిటి" అన్నాడు.

తెచ్చి మళ్ళీ పెట్టెలో బిగించాడు. మళ్ళీ ఆగిపోయింది. లోపం ఎక్కడైనా ఉండొచ్చు గానీ పెట్టెలో ఉంటుందని మా ఇద్దరికీ తట్టలేదు. ఆయన చేసిన పెట్టెలో లోపం ఏముంటుంది?

చివరికి అమ్మాయే ఇంటికొచ్చింది. పెట్టె మీద చెయ్యి వేసి చటుక్కున తీసేసింది.

"అమ్మో, ఇస్త్రీపెట్టెలా ఉంది! గాలి ఎటు పోతుంది పెద్దనాన్నా?"

"లోపల ఫ్యాను ఉంది కదమ్మా."

"ఉంది. ఆ వేడిగాలినే పట్టుకుని తిప్పుతోంది. బయటికి దారి లేదు. మరీ కాగితే కాలిపోకుండా మిషన్ దానంతటదే ఆగిపోతుంది."

"వెనక పలక తీసేస్తే?"

తీసి చూశారు. ఇంకాస్త సేపు నడిచి, ఆగింది.

"వేడి పైకి పోవాలి. పైపలకకి బెజ్జాలు పెట్టాల్సిందే. లేదంటే ఆ రేకు డబ్బా ఇంకా నా దగ్గరే ఉంది." వెళ్ళబోతూ ఆమె పెట్టె మూల మీద వేలితో రాసి చూసింది. "అతుకు ఎక్కడుందో తెలియట్లేదు. ఎవరు చేశారిది?"

"చేశాంలే" అన్నాడు బావ.

తర్వాత కొన్నాళ్ళు ఆయన మిషన్ జోలికి పోలేదు. పెట్టె మీద తువ్వాలు కప్పి ఉంచాడు. షెడ్డులో స్క్రూలు తిప్పడం, రావడం, వండుకోవడం, పడుకోవడం. ఒకసారి నేనే కదిపాను.

"రేకు డబ్బా తెచ్చుకోవచ్చుగా బావా."

"ఈమధ్య నా చేత్తో చేసింది ఇదొక్కటేరా" అన్నాడు. తువ్వాలు సర్ది, "అక్కడ గొడుగు నేను పారిపోయాననే అనుకుంటూ ఉంటుంది" అన్నాడు.

సెలవు రోజు పొద్దున్నే నా తలుపు కొట్టాడు.

"వచ్చి పట్టుకో."

పెట్టె ఖాళీ చేసి నేల మీద పెట్టి ఉంది. పైపలక మీద పెన్సిలు గీతలు. నేను రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. ఆయన బెజ్జాలు పెట్టే బర్మా ఆనించి, కాసేపు తిప్పకుండా ఆగాడు. తర్వాత తిప్పాడు. పొట్టు సన్నగా చుట్టలు చుట్టుకుని పైకొచ్చింది. వరస వెంట వరస పెట్టాడు. ఒక్కో బెజ్జం అంచునీ ఉప్పుకాగితంతో రుద్దాడు.

"బెజ్జానికి కూడా నునుపెందుకు బావా?"

"నీ నోటికి పెట్టాలి ఉప్పుకాగితం. గట్టిగా పట్టుకో."

ఆ సాయంత్రం మిషన్ వెలిగింది, ఆగలేదు. బెజ్జాల మీద అరచెయ్యి పెడితే వెచ్చటి గాలి తగిలింది. గొడుగు బొమ్మ మాత్రం బూడిదరంగులో ఉంది. అంటే మనిషి లేరని. బావ ఒక్క వేలితో మొత్తం రాశాడు: "కరెంటు కాదండీ. పెట్టెకి గాలాడక ఆగిపోయేది. బాగుచేశాను. రండి."

జవాబు రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ తర్వాత కూడా బొమ్మ రంగు మారలేదు.

ఈమధ్య చేప బొమ్మ ఒకటి ఆటకి పిలుస్తోంది. నిన్న నేనున్నప్పుడే పిలిచింది.

"ఆడొచ్చుగా బావా. చేపైతేనేం?"

"నేను దీంతో ఆటలో ఉండగా గొడుగొస్తే? ఖాళీ లేదనుకుని వెళ్ళిపోతుంది."

చేప కాసేపు చూసి వెళ్ళిపోయింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఇప్పుడా మిషన్ దానంతటది ఆగదు. అన్నం వేళకి ఆయనే ఆపి, కంచం కడుక్కోవడానికి లేస్తున్నాడు.