నేను గడప దాటితే ఆరిపోయే స్క్రీన్

ముందుగాల్నే చెప్తున్న, నన్ను పిచ్చిదాని లెక్క చూడకుండ్రి. దయ్యమంటే నాకు నవ్వు వచ్చేది. మా చంద్రాపూర్ల చైత్రం జాతరకు వచ్చి, ఒంటి మీదికి దేవి వచ్చిందని ఊగేటోళ్లను చూస్తే, పాపం ఎండదెబ్బ తగిలినట్టుంది, నీళ్లు తాగియ్యుండ్రి అనేదాన్ని. అమ్మ నా నోటి మీద కొట్టేది. ఇప్పుడు గూడ ఎవరన్న దయ్యం కథ చెప్తే వాళ్లతోని కొట్లాడుత. అయినా ఈ ఒక్క సంగతి మాత్రం జరిగింది. నా కండ్లతోని చూసిన.

మాది విత్తనాల దుకాణం, దాని ఎనుకనే ఇల్లు. రాజురా, కోర్పనా దిక్కు తెలుగు రైతులు పత్తి విత్తనాలకు, మందులకు మా దగ్గరికే వచ్చేటోళ్లు. నాన్న పోయినంక దుకాణం అన్న చేతికి వచ్చింది. దుకాణంతోపాటు ఇంటి పెత్తనం గూడ వచ్చింది. ఎవరు ఏం తినాలె, ఎవరు ఎటు పోవాలె, అంత ఆయన నోట్లెకెళ్లే రావాలె.

అప్పుడప్పుడే ఊళ్ల కంప్యూటర్లు వస్తున్నయి. ఎస్టీడీ బూతు పక్కకు ఒక కంప్యూటర్ క్లాసు, దాని పక్కకు ఇంకొకటి. ఎదురు దుకాణపాయన ఒకటి తెచ్చి బిల్లులు ప్రింటు తీస్తుంటే మా అన్నకు నిద్ర పట్టలేదు. గడ్‌చాందూర్ దిక్కు ఏదో ఆఫీసుల పాతది, ప్రింటర్‌తోని సహా, తీసేస్తే ఈయన తెచ్చి, కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఎనుక రూంల పెట్టిండు. కొన్నాళ్లకే అది వైరస్ పట్టి పడ్డది. బాగు చేయించకపోయె, దాని మీద గుడ్డ కప్పి పెట్టిండు.

నాది బీఎస్సీ అయిపోయింది. నాగ్‌పూర్ల కంప్యూటర్ కోర్సు చేస్తనని అడిగితే అన్న ఎగతాళి చేసిండు.

"ఇంట్ల కంప్యూటర్ సచ్చి పడ్డది. దాన్ని లేపుడు రాదు గని, నాగ్‌పూర్ పోయి ఏం ఊడబొడుస్తవే?"

నాకు అరికాలు మంట నెత్తికెక్కింది. లేపితే పంపుతవా అని అడిగిన. లేపి చూపియ్యి అన్నడు. మిర్గం వచ్చేలోపల, అంటే విత్తనాల గిరాకి మొదలయ్యేలోపల, దాని మీద ఒక బిల్లు కొట్టి ప్రింటు తీస్తే పంపుత. లేకపోతే సదువు మాట మళ్లీ ఎత్తొద్దు. అది షరతు. అమ్మ, వదిన ఇద్దరూ ఉన్నరు అప్పుడు.

నా దోస్తు సునంద, మరాఠీ పిల్ల, కంప్యూటర్ క్లాసుకు పోతుండె. ఒక పత్రికతోని ఊకెనే వచ్చిన సీడీ తెచ్చిచ్చింది. లినక్స్ అట. కొత్త విండోస్‌కు మా మిషిన్ సత్తువ సాలదు, ఇదైతే పాత మిషిన్ మీద గూడ నడుస్తదట.

మే నెల. చంద్రాపూర్ల మే అంటే తెలిసినోళ్లకు తెలుసు. రూంల కిటికీకి కూలర్ పెట్టుకోని కూసున్న. నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాలు వస్తున్నయి, అడిగినదానికి జవాబిస్తున్న, సీడీ తిరుగుతుంది. మధ్యాహ్నం వరకు అంత ఎక్కింది. మిషిన్ బంద్ చేసి మళ్లీ చాలూ చేసిన. అక్షరాలు గడగడ పోయినయి. బొమ్మల తెర రావాల్సిన చోట టక్‌మని చప్పుడైంది, మానిటర్ నల్లగయింది. కింద పచ్చ లైటు నారింజ రంగుకు మారింది.

ఈ మొదటి నలుపుకు కారణం నాకు తెలుసు. దాంట్ల దయ్యం ఏం లేదు. ప్రతి మానిటర్‌కు ఒక వేగం ఉంటది, అంతకంటే ఎక్కువ వేగంతోని బొమ్మ పంపితే అది తీసుకోలేదు. మానిటర్ ఎనుక అంటించిన కాగితం మీద ఆ వేగం అంకెలు ఉంటయి. అవి ఫైల్ల రాయాలె. సునంద వాళ్ల సార్‌ను అడిగి వచ్చి చెప్పింది. బొమ్మలు వద్దు, అక్షరాల తెర చాలు అని మీటలు నొక్కి ఆ తెర తెచ్చుకొని, అంకెలు సరిచేద్దామని కూసున్న.

ఆ అక్షరాల తెర గూడ నల్లగయింది.

అప్పటిదాంక బాగున్న తెర అది. దానికి ఏ వేగమైనా ఒకటే. నారింజ లైటు. బంద్ చేసి చాలూ చేసినా అంతే. కేబుల్ తీసి పెట్టిన. వేరే ప్లగ్గుల పెట్టిన. సునంద క్లాసుకెళ్లి వేరే మానిటర్ అడుక్కొచ్చినం, అదీ నల్లగనే. లోపల డిస్కు తిరుగుతుంది, మీట నొక్కితే బీప్ అంటుంది. మిషిన్ నడుస్తుంది, చూపిస్తలేదు గంతే. అన్న తలుపు కాడ నిలబడి పండ్లు ఇకిలిస్తుండు.

నీళ్లు తాగుదామని లేచి వాకిట్లకు పోయిన. లోపల ఊడుస్తున్న వదిన కేక పెట్టింది: "వచ్చింది, తెల్లగ రాతలొచ్చినయి!" ఉరికొచ్చిన. నల్లగున్నది. నన్ను ఆటపట్టిస్తుందనుకోని వదినను తిట్టిన. ఆమె నన్ను తిట్టింది. మళ్లీ బయటికి పోయిన, మళ్లీ కేక పెట్టింది. ఈసారి సునంద గూడ లోపలే ఉన్నది. అది అబద్ధం చెప్పే పిల్ల కాదు. దాని మొకం తెల్లగయింది.

"అగ, తూ ఆత్ యేఊ నకో," అన్నది మెల్లగ. నువ్వు లోపలికి రాకు అని.

నేను ఒప్పుకోలేదు. ఎట్ల ఒప్పుకుంట? కరెంటు తక్కువున్నదేమోనని కూలర్ బంద్ చేసిన. బండ కదిలి ప్లగ్గు వదులవుతుందేమోనని అన్నను రూంల దుంకమన్న. ఆయన నాకంటే రెట్టింపు ఉంటడు. దుంకిండు, ఎగిరిండు, తెర బరాబర్ ఉన్నది. నేను గడప మీద కాలు పెడితే పోయింది. గాజులు తీసిన, గడియారం తీసిన, జడపిన్నులు తీసిన. కండ్లు మూసుకోని పోయిన, ఎనుకకు నడుచుకుంట పోయిన. అన్న కాలుతోని ఏమన్న తంతుండేమోనని ఆయనను మంచం మీద కూసుండబెట్టి కాళ్లు మీదికి పెట్టుకోమన్న. ఎట్ల పోయినా అంతే. బయటికొస్తే వెలుగుతది, లోపలికొస్తే ఆరిపోతది. సునంద క్లాసుల వేరే కంప్యూటర్ ముంగట కూసుంటే ఏ తేడా లేదు. ఇంట్ల టీవీ గూడ బాగనే ఉంటది. ఈ ఒక్కటే. ఈ ఒక్క మిషిన్‌కు నేనంటే పడదు.

వదిన ముక్కు మీద ఏలేసుకుంది.

"నువ్వు బయట ఉండి ముట్టినవా? బొట్టు పెట్టిన మిషిన్ అది."

మా ఇండ్లల్ల బయట ఉండుడంటే నెలనెలా ఆ మూడు రోజులు. నేను లేను. లేనని వీధికి వినబడేటట్టు ఒర్రిన. ఉన్నా కంప్యూటర్‌కు ఏం తెలుస్తది, దానికి ముక్కున్నదా అని అడిగిన. అన్న నవ్వి, మిషిన్‌కే నీ మొకం నచ్చుతలేదు, ఇగ నాగ్‌పూర్‌కేం నచ్చుతది అన్నడు. ఆ మాటకు ఏడుపొచ్చింది. కోపంతోని వచ్చిన ఏడుపు. చేతికందితే ఆ మానిటర్‌ను బండకేసి కొట్టేదాన్ని.

మిర్గం దగ్గరికొచ్చింది. నేను తిండి బంద్ చేసి వరండాల పడుకున్న. అప్పుడు అమ్మ వచ్చి పక్కకు కూసున్నది. అమ్మకు అ ఆలు గూడ రావు.

"ఆ మూడు రోజులు నేను ఇన్నేండ్లు వంట ఎట్ల చేయించిన బిడ్డా? ఈ వరండాల కూసోనే గద. ఉప్పు ఎంత వెయ్యాలె, పోపు ఎప్పుడు పెట్టాలె అని ఈడికెళ్లి చెప్తే నీ అత్తలు లోపల చేసెటోళ్లు. వంట ఎవలదని మీ నాన్న అన్నడు? నాదే అన్నడు. నువ్వు గూడ ఈడికెళ్లి చెప్పు, మీ అన్న మీటలు కొడతడు."

అన్నను కూసుండబెట్టుడు అమ్మ పని. ఏం చెప్పి కూసుండబెట్టిందో నాకు తెల్వదు. నేను గోడకు ఈ పక్క, వరండాల, తెర కనబడని చోట కూసున్న. అన్న ఆ పక్క. ఆయన సదువు మరాఠీల. ఇంగ్లిషు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంట చదువుతడు. తెర మీద ఉన్నది ఆయన చదువుడు, నేను తలకాయల బొమ్మ గట్టుకోని జవాబు చెప్పుడు. ఒక్క చుక్క తప్పు కొడితే మొదటికెళ్లి. ఆయన నన్ను తిడుతుండు, నేను ఆయనను తిడుతున్న, అమ్మ ఇద్దరినీ తిడుతుంది. మానిటర్ ఎనుక కాగితం మీది అంకెలు ఆయనే చదివిండు, నేను ఎక్కడ కొట్టాల్నో చెప్పిన. సాయంత్రం అయ్యేసరికి బొమ్మల తెర వచ్చింది. రంగులొచ్చినయని వదిన కేక పెట్టింది. నేను చూడలేదు. ఇప్పటికీ చూడలేదు.

బిల్లు టైపు చేయించిన. ప్రింటర్ కిర్రుకిర్రుమన్నది. ఆ చప్పుడు వింటే నా పానం లేచొచ్చింది.

అన్న కాగితం పట్టుకోని బయటికొచ్చిండు. చెమటతోని అంగి తడిసిపోయింది. సంబురపడుతడనుకున్న.

"కొట్టింది నేను, తీసింది నేను. నువ్వైతే బయటనే కూసున్నవ్," అన్నడు. "షరతు నువ్వు లేపాలని."

అన్న మాట మీద మన్ను పడ! ఆ రాత్రి ఆయన మొకం చూడలేదు.

తెల్లారి దుకాణం నిండ గిరాకి. కోర్పనాకెళ్లి వచ్చిన రైతులు బస్సుకు పోవాలని తొందర పెడుతుండ్రు. అన్న వాళ్లకు కంప్యూటర్ బిల్లు ఇస్తనని గొప్పలు చెప్పి లోపల కూసున్నడు. కొద్దిసేపటికి గోడ ఆ పక్కకెళ్లి పిలుపు.

"ఏమే, ఇదేదో అడుగుతుంది. ఏం కొట్టాలె?"

నేను వరండాల బియ్యం ఏరుతున్న. ఏరుకుంటనే ఉన్న.

"చెవుడా? జనం నిలబడ్డరు!"

"నాగ్‌పూర్ సంగతి చెప్పు. అప్పుడు చెప్త."

ఒక రైతు నవ్విండు. ఇంకొకాయన, చెప్పు సేటూ, పిల్ల అడుగుతుంది గద అన్నడు.

"పంపుత పో!"

"అమ్మ పేరు మీద చెప్పు."

"అమ్మ తోడు పంపుతనే తల్లీ, ఏం కొట్టాలె?"

చెప్పిన. ప్రింటర్ కిర్రుమన్నది.

మాట తప్పలేదు. అది మాత్రం ఒప్పుకోవాలె. నాగ్‌పూర్ పోయే పొద్దు సామాను బయట పెట్టిండ్రు, ఆటో వచ్చింది. అన్న ఎనుక రూంల బిల్లులు కొడుతుండు. పోయొస్త అని ఒక్క మాట చెప్పి పోదామని, మరిచిపోయి గడప మీద నిలబడ్డ.

తెర ఆరిపోయింది. అన్న తిట్టలేదు. తిరిగి గూడ చూడలేదు. ఆ నల్ల అద్దం దిక్కే చూస్తుండు. నేనూ చూసిన. ఎనుకకెళ్లి ఎండ పడుతుంది, అద్దంల అంత సాఫ్‌గ కనబడుతుంది. అన్న తలకాయ ఉన్నది. నేను నిలబడ్డ తలుపు ఉన్నది. తలుపుల నుంచి వాకిట్ల ఆరేసిన అమ్మ చీర ఈ కొస నుంచి ఆ కొస దాంక కనబడుతుంది.

నేను లేను. చీరకు అడ్డం నిలబడ్డ నేను ఆ అద్దంల లేను.

చెయ్యి ఎత్తిన. అద్దంల ఏం కదలలేదు. అన్న భుజాలు బిగుసుకున్నయి. ఆయన గూడ చూస్తుండు, నాకు తెలుస్తుంది.

"నువ్వు పో," అన్నడు. "ఇగ ఈ రూంకు రాకు."

పోయిన. నా చూపు వంకరనో, అద్దం వంపునో, నిలబడ్డ చోటు అట్లాంటిదో అని ఎన్నో తీర్ల అనుకోని చూసిన. ఏదీ కుదరలేదు. తర్వాత నా బతుకంత కంప్యూటర్ల ముంగటనే గడిచింది, ఒక్కటి గూడ నన్ను చూసి నల్లబడలేదు. అన్న ఆ మిషిన్‌ను ఎప్పుడో పాత సామాన్లు కొనే భంగారోనికి ఇచ్చేసిండు. ఆ పొద్దు ఏం చూసినవు అని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. ఇప్పటికీ మేమిద్దరం కూసోని మాట్లాడుకుంటం, నవ్వుకుంటం. నాగ్‌పూర్ పోయిన పొద్దు మాట వస్తే మాత్రం ఆయన లేచి బయటికి పోతడు.