గోపాలు గీత, రుక్మిణమ్మ చుక్క

వాల్వు కవరు విప్పగానే ముందు వాసన వచ్చింది. లోపలి నూనె వాసన ఏ ఇంజనుకైనా ఒకటే అనుకుంటారు. కాదు. వేళకు నూనె మార్చిన ఇంజను తెరిస్తే వేయించిన నువ్వుల వాసన లాంటిది తగులుతుంది. మార్చనిది తెరిస్తే చాలాకాలం తాళం వేసిన గది తలుపు తీసినట్టుంటుంది. పోయిన వారం రాయకోట రోడ్డులోని నా షెడ్డుకు వచ్చిన కారు మొదటి రకం. హోసూరులో మందుల షాపు నడిపే సెట్టిగారిది. కవరు అంచున నూనె చెమరుస్తోంది, రబ్బరు మార్చితే చాలు, మర్నాడు ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని కృష్ణగిరి వెళ్ళాలన్నారు. చిన్న పని. టార్చి వేసి లోపలికి వంగాను. వెనక మూలనున్న బోల్టు తలమీద ఒక పసుపు గీత కనిపించింది. కుడివైపు చిక్కగా మొదలై, ఎడమవైపుకు సన్నబడి, చివర తోకలా పైకి లేచింది. దాని పక్కనే ఒక ఆకుపచ్చ చుక్క. పైన రేకుల కప్పు మధ్యాహ్నపు ఎండకు కాలిపోతోంది. నేను టార్చిని ఇంకాస్త దగ్గరకు పెట్టాను.

"ఏమప్పా, దయ్యాన్ని చూసినట్ల చూస్తా ఉండావు? ఇంజను పోయిందా ఏమి?" అన్నారు సెట్టిగారు.

"లేదు సెట్టిగారూ. తెలిసినోళ్ళు కనిపించినారు" అన్నాను.

ఆ చుక్క పెట్టింది రుక్మిణమ్మగారు. ఆమె ఇప్పుడు లేరు. నేను డిప్లొమా ముగించి హోసూరులో ఒక చిన్న ఫ్యాక్టరీలో చేరినప్పుడు ఆమె నాణ్యత విభాగానికి పెద్ద. పెద్ద కంపెనీల కార్లకు ఇంజన్లు బిగించి పంపడం మా పని. ఆమె కృష్ణగిరిలో కిరాణా వ్యాపారం చేసే కుటుంబం నుంచి ఇంజనీరింగు చదివి వచ్చిన మనిషి. నుదుట పెద్ద బొట్టు, కాళ్ళకు బరువైన సేఫ్టీ బూట్లు. నేనేమో చర్చి సంఘపెద్ద కొడుకును. నడక రాకముందే మందిరం చాపమీద పాకినవాణ్ణి, వాక్యం కంఠస్థం చేసి బహుమతులు తెచ్చుకున్నవాణ్ణి. విశ్వాసం గురించి నాకు కొత్తగా నేర్పేవాళ్ళు ఫ్యాక్టరీలో ఉంటారని నేను అనుకోలేదు.

ఆమె రాజ్యం ఒక చల్లని గది. అన్ని పరీక్షలూ దాటి బయటికి వెళ్ళబోయే ఇంజన్లలోంచి ప్రతి ఉదయం ఒకదాన్ని ఎంచి అక్కడికి తెచ్చి, చివరి మర దాకా విప్పేవాళ్ళం. పనివాళ్ళు ఆ గదిని శవాల కొట్టు అనేవారు. కిటికీలు లేవు. విప్పిన భాగాలను తెల్లగుడ్డ మీద వరుసగా పరిచేవాళ్ళం. ఎక్కడో మిగిలిన నూనె రేకు పళ్ళెంలోకి బొట్టు బొట్టుగా పడుతుండేది. ఆ చప్పుడు ఆగిందనుకుని మనం మాట మొదలుపెట్టగానే ఇంకొక బొట్టు పడేది.

విప్పే ముందు రుక్మిణమ్మగారు ఇంజను మీద అరచేయి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడేవారు. మొదటిసారి చూసినప్పుడు నేను కూడా తల వంచాను. ఆమె కళ్ళు తెరిచి నవ్వారు.

"ప్రార్థన అనుకున్నావా దానియేలూ? కాదప్పా. ఇది బాగుంటాదని ముందే అనుకోని తెరిస్తే బాగున్నట్లే కనిపిస్తాది. బాగలేదని తెరిస్తే అట్లే కనిపిస్తాది. ఆ రెండూ మనసులోంచి పోయేదాకా నిలబడతా ఉండాను. పోయినాక నువ్వు స్పానరు అందుకో."

ప్రార్థన కాదని ఆమె అన్నా, అంత శుభ్రమైన ప్రార్థన అంతకుముందు నేను చూడలేదు. మేము ఏమి కావాలో ముందే నిర్ణయించుకుని మోకరించేవాళ్ళం.

ఇక గోపాలు సంగతి. ఇంజనులోని బోల్టులన్నీ దాదాపు యంత్రమే బిగిస్తుంది. వెనక మూలనున్న ఒక్క బోల్టు దగ్గరికి మాత్రం మా యంత్రం తల దూరేది కాదు. వాల్వులను ఆడించే ఇరుసును అదిమిపట్టే మూత బోల్టు అది. దాన్ని ఒక మనిషి చేతి రెంచితో బిగించాలి. సరిపడా బిగియగానే రెంచి క్లిక్కుమంటుంది. అప్పుడు పెయింటు పెన్నుతో బోల్టు తలమీద పసుపు గీత గీయాలి. గీత ఉందంటే బిగించినట్టు. ఆ తరువాత పైన కవరు పడుతుంది, ఇక ఎవరూ చూడరు. ఆ బోల్టు వదులైతే కారు హైవే మీద పరుగెత్తుతుండగా ఇరుసు విరిగి ఇంజను పట్టేస్తుంది. ఆ స్థానంలో పనిచేసేవాడు వేప్పనపల్లి గోపాలు. ఎడంచేతివాటం మనిషి. అందుకే అతని గీత కుడి నుంచి ఎడమకు పోయి తోక లేపుకునేది. వాళ్ళ తోట మామిడికాయలకు ఉప్పూ కారం అద్ది లైనంతా పంచేవాడు. "ఏం గోపాలూ, గీతకు తోకెందుకు?" అని రుక్మిణమ్మగారు అడిగితే, "కోతి చెయ్యి గదమ్మా, తోక లేకుంటే ఎట్లా?" అనేవాడు.

ఒక ఉదయం పనికి వస్తూ బైకు మీద నుంచి పడి గోపాలు చనిపోయాడు. అతని స్నేహితుడు, ఉద్దనపల్లి మునిరత్నం ఆ స్థానంలోకి వచ్చాడు.

పెద్దకర్మ అయిన తరువాత మేము విప్పిన ఒక ఇంజనులో, వెనక మూలన, తోక ఉన్న పసుపు గీత కనిపించింది. పోత తేదీ తెలిపే నంబరు చూశాను. ఆ ఇంజను దిమ్మె పోత పోసేనాటికే గోపాలు మట్టిలో ఉన్నాడు. మర్నాడు విప్పినదాంట్లోనూ అదే గీత. కబురు లైనంతా పాకింది. అన్నం బల్లల దగ్గర మాటలు తగ్గాయి. గోపాలు నిలబడే చోటు దాటేటప్పుడు కొందరు చెప్పులు విడవడం చూశాను. మునిరత్నాన్ని అడిగితే తల పైకెత్తకుండా, "వాడు యాడికీ పోలేదు సార్, ఈడనే ఉండాడు" అన్నాడు.

ఆ ఆదివారం కూడికలో నేను ఈ విషయం ప్రార్థనకు పెట్టాను. అది మోసపరిచే ఆత్మ అన్నారు ఒక పెద్ద. గదిలోకి వచ్చి ప్రార్థించి వెళ్ళగొడతామన్నారు. సోమవారం రుక్మిణమ్మగారికి ఆ మాట చేరవేశాను. నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు.

"మీ పెద్దలు మంచికే చెప్పినారు. ప్రార్థన చెయ్యి, నేనెందుకు వద్దంటాను? అయితే ముందు రెంచి తే."

"ఎందుకు మేడమ్?"

"ఆ గీత ఎవురిదని అందురూ అడగతా ఉండారు. ఆ బోల్టు బిగిసిందా లేదా అని ఒక్కరన్నా అడిగినారా?"

కవరు మాత్రమే తీసి, ఇంకేమీ విప్పకుండా పక్కన పెట్టిన ఇంజను మీద ఆమె చేయి ఆనించారు. ఆ రోజు ఎక్కువసేపు నిలబడ్డారు. తరువాత నేను రెంచి పెట్టి లాగాను. క్లిక్కు రాలేదు. రెంచి తీసేసి వేళ్ళతో పట్టుకున్నాను. పసుపు గీత, దాని తోక, నా వేళ్ళ మధ్య మెల్లగా తిరిగాయి. చప్పుడే లేదు. పైకి తెల్లగా, లోపల కుళ్ళుతో ఉండే సున్నం కొట్టిన సమాధుల గురించి మా నాన్న ఎన్నోసార్లు బోధించారు. వాటి లోపల ఏముంటుందో నా వేళ్ళకు తెలిసింది ఆ ఉదయమే.

అప్పటికే యార్డులో ఇంజన్లు లారీలకు ఎక్కుతున్నాయి. రుక్మిణమ్మగారు నడవలేదు, పరుగెత్తారు. ఫ్యాక్టరీ మేనేజరు ఎదురొచ్చారు. అన్నీ పరీక్షలో పాసైనవేననీ, సరుకు ఆలస్యమైతే ఆ కంపెనీ మళ్ళీ మన గడప తొక్కదనీ తమిళంలో గట్టిగా వాదించారు. చివరికి, "ఒక దయ్యం కథకు లారీలు ఆపుతారా?" అన్నారు.

"దయ్యానికి కాదు సార్. ఆ కారు వెనక సీట్లో నిద్రపోతా పోయే పిల్లోళ్ళకు" అని, గోపాలు పోయిన తరువాత బిగించిన ప్రతి ఇంజనునూ తాను ఆపుతున్నట్టు ఆమె సంతకం పెట్టి ఇచ్చారు. ఆ సంతకంతో తన కుర్చీ పోవచ్చునని ఆమెకు తెలుసు. అది మా అందరికీ తెలుసు.

మునిరత్నం తనంతట తానే వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. చేతిలో గోపాలు పెన్ను ఉంది.

"గీతలు నేనే గీసినానమ్మా. పనికి ముందు మిషన్లకు బొట్టు పెడతాము గదా, అట్ల. వాని గీత ముందు పెట్టి మొదలుపెడితే వాడొచ్చి నా చెయ్యి పట్టుకుంటాడనిపించింది. వరసగా అన్నిటికీ పెట్టేసి, ఆపైన బిగించుకుంటా వచ్చినాను."

"అన్నీ బిగించినావా?"

అతను తల అడ్డంగా ఊపాడు. టీ గంటకో, ఎవరైనా పిలిచినప్పుడో అతను పక్కకు వెళ్తే, గీత చూసిన తరువాతి మనిషి పని అయిందనుకుని కవరు మూసేశాడు. అలా ఎన్ని బోల్టులు బిగించకుండా దాటిపోయాయో అతనికే తెలియదు.

రుక్మిణమ్మగారు అరవలేదు. "మునిరత్నం, బొట్టు వేరేనప్పా, సాక్ష్యం వేరే. బొట్టు పనికి ముందర. సాక్ష్యం పనైనాక. వాడు గీసింది సాక్ష్యం. దాన్ని నువ్వు బొట్టు చేస్తివి" అన్నారు. మునిరత్నం అక్కడే కూలబడి ఏడ్చాడు. ఆమె అతని పక్కన నేలమీద కూర్చుని, ఏడుపు ఆగాక, "లెయ్. నువ్వే బిగించాల. నీ చేత్తో, నీ గీత" అన్నారు.

లారీల నుంచి దించి ఇంజన్లన్నీ మళ్ళీ తెరిచాం. తోక గీత తుడిచి, మునిరత్నం క్లిక్కుమనే దాకా బిగించి, తన మామూలు గీత గీసేవాడు. ఆమె స్వయంగా చూసి పక్కన ఆకుపచ్చ చుక్క పెట్టేవారు. కొన్ని బోల్టులు వేళ్ళకే తిరిగాయి.

అలా చేస్తూ ఒక ఇంజను దగ్గర మునిరత్నం ఆగిపోయాడు. "అమ్మా, ఇది నేను గీసింది కాదు."

ఆమె భూతద్దం తీసుకున్నారు. పెన్ను మొదట ఆనిన చోట రంగు చిక్కగా నిలుస్తుంది. మునిరత్నం కుడిచేతివాడు, ఎంత అనుకరించినా అతని గీతలు ఎడమనే చిక్కగా ఉండేవి. ఇది కుడిన చిక్కగా ఉంది. ఎడంచేతి గీత. లైనులో ఇంకొక ఎడంచేతివాటం మనిషి లేడు. నంబరు చూశాం. దిమ్మె పోత పోసింది గోపాలు పోయిన తరువాతే. గదిలో నూనె బొట్టు ఒకటి పళ్ళెంలో పడింది. నేను రెంచి పెట్టాను. లాగీ లాగకముందే క్లిక్కుమంది.

రుక్మిణమ్మగారు అరచేయి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడ్డారు. ఆమె పెదవులు కదలడం ఆ ఒక్కసారే చూశాను. తరువాత గీతను తుడవకుండా పక్కన చుక్క పెట్టారు.

"బిగిసి ఉండాది. మూసెయ్యప్పా."

"గీత ఎవరిది మేడమ్?" అని అడిగాను.

"తెలీదు."

"మరి ఏమని రాద్దాం?"

"బిగిసిందని రాయి. తెలిసింది అదే గదా. తెలీనిది తెలీదని చెప్పేదానికి సిగ్గుపడొద్దు దానియేలూ. తెలిసినట్ల చెప్పేదే పాపం."

కొన్ని నెలల తరువాత ఆమెను ఇంజన్లు కనపడని ఒక ఆఫీసుకు మార్చారు. మునిరత్నం ఉద్యోగం నిలబడింది, దానికోసం ఆమె ఎవరితో ఏమి మాట్లాడారో నాకు తెలియదు. ఆమె రాజీనామా చేసి కృష్ణగిరి వెళ్ళిపోయారు. చివరి జబ్బులో చూడటానికి వెళ్ళాను. మంచం పక్కన కూర్చుని ప్రార్థించనా అని అడిగాను. "చెయ్యి. ముందే ఏమీ అనుకోకుండా చెయ్యి" అన్నారు. ఆమె చేయి పట్టుకుని, నాలోంచి నా కోరిక పోయేదాకా మౌనంగా ఉన్నాను. చాలాసేపు పట్టింది. ఆ తరువాత నోట ఒక్క మాటే వచ్చింది, అది కూడా కృతజ్ఞతే.

పోయిన వారం నా షెడ్డుకు వచ్చింది ఆ ఇంజనే. ఇన్నేళ్ళు ఎన్ని ఊళ్ళు తిరిగిందో, ఎంతమంది పిల్లలు దాని వెనక నిద్రపోయారో. ఆ గీతను నేను నమ్ముతున్నాను, ఎలా నమ్ముతున్నానో చెప్పలేను. అయినా అరచేయి ఆనించి నిలబడ్డాను. తరువాత రెంచి పెట్టి లాగాను. క్లిక్కుమంది.

"బాగుండాదా?"

"బాగుండాది సెట్టిగారూ. రేపు పిల్లోళ్ళను ఎక్కించుకోని నిశ్చింతగా పోండి."

కొత్త రబ్బరు వేసి కవరు మూసి చేతులు తుడుచుకోబోతే బొటనవేలికి పసుపు రంగు అంటి ఉంది. ఇన్నేళ్ళు వేడినూనెలో నానిన రంగు మెత్తబడి ఉండవచ్చు. కాకపోవచ్చు. మొన్న ఆదివారం మందిరంలో సాక్ష్యాలు చెప్పే వేళ పెద్దలు నా పేరు పిలిచారు. లేచి నిలబడ్డాను. ఆ వేలి మీది పసుపు ఇంకా పూర్తిగా పోలేదు. చెప్పడానికి ఎన్నో మాటలు నోటిదాకా వచ్చాయి. ఆమె గుర్తొచ్చి, రెంచి క్లిక్కుమందని మాత్రం చెప్పి కూర్చున్నాను.