కాగితం వెనక వైపు

నా రెసిడెన్స్ కార్డు గడువు అయిపోయి, కొత్తది ఇంకా రాని రోజులవి. అది వచ్చేదాకా జర్మనీలో ఉండొచ్చని ఆఫీసువాళ్లు రాసిచ్చిన కాగితం ఒక్కటే నాకు దిక్కు. ఆఖెన్‌లో, సరిహద్దు దాటి నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌కి వెళ్లే రైలెక్కాక దాన్ని నాలుగోసారి ఫైల్లోంచి తీసి చూసుకున్నాను. సరిహద్దు దగ్గర పోలీసులు ఎక్కుతున్నారని విన్నాను మరి.

"ఆఫీసులో అపాయింట్‌మెంట్ దొరకలేదురా, కాగితం మీదనే తిరుగుతున్న," అని ఫోన్లో దోస్తుకు చెప్తుంటే ఎదుటి సీట్లో ఒకామె నవ్వింది. యాభై దాటి ఉంటాయి. కాకినాడ మనిషి, మాస్ట్రిక్ట్‌లో స్థిరపడిందట.

"ఊరు చూడ్డానికా తమ్ముడూ? ఉండండి, గీసిస్తాను," అంటూ నా ఒళ్లోని కాగితం అందుకుని, వెనక్కి తిప్పి, పెన్నుతో నది గీసేసింది.

"అక్కా, అది..." అన్నాను. పెద్దామె చేతిలోంచి లాక్కోలేకపోయాను. ఆమె తీరిగ్గా పాత వంతెన, కోటగోడ గీసి, నది ఒడ్డున ఒక ఇంటూ పెట్టింది.

"అన్నీ చూడక్కర్లేదండి. ఇక్కడ బెంచీ ఉంటుంది, ఊరికే కూర్చోండి."

అంతలోనే పోలీసు వచ్చాడు. పాస్‌పోర్టు, కాగితం ఇచ్చాను. చదివాడు, తిప్పాడు. అప్పుడు గానీ తను దేని మీద గీసిందో ఆమెకు తెలియలేదు. మొహం పాలిపోయింది. అతను నదిని కాసేపు చూసి తిరిగిచ్చేశాడు.

ఆ రోజు ఇంటూ పెట్టిన చోటికి తప్ప ఎక్కడికీ వెళ్లలేదు. తిరుగు రైలు వేళయ్యేదాకా అక్కడే కూర్చున్నాను.

కొత్త కార్డు ఇచ్చేటప్పుడు ఆ కాగితం వెనక్కి ఇమ్మన్నారు. ఇచ్చేముందు ఫోటో తీసుకున్నాను, వెనక వైపు మాత్రమే.