లక్ష్మక్క పోసిన రెండు బిందెలు

నేల మీది నల్లటి పొరలో ఉండే సయనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవి నీళ్లు లేకుండా ఎన్నాళ్లు బతుకుతుందో చూడటం నా పీహెచ్‌డీ పని. అందుకే ముదిగుబ్బ దగ్గర లక్ష్మక్క చేని గట్టున, మంచమంత నేలకు వాన తగలకుండా పైన రేకు కట్టించాను. పదకొండు నెలలు చుక్క పడనివ్వలేదు. ఈ రోజు వెళ్లి చూస్తే నేలంతా తడిసి పచ్చగా నిగనిగలాడుతోంది!

“ఎండిపోయి ఉండాది, పాపమని నిన్న రెండు బిందెలు పోసినా మేడం. రేకు కప్పితే వానెట్ల పడతాది?” అంది లక్ష్మక్క.

“నీళ్లు పోయొద్దని చెప్పినా కదక్కా!”

“మాకే నీళ్లకు కష్టమని మొగమాటపడి చెప్తాండారనుకొంటి.”

వాళ్లింటికి ట్యాంకరొచ్చేది నాలుగు రోజులకొకసారి. ఒళ్లు మండిపోయి నోరు తెరిస్తే, “థ్యాంక్స్ అక్కా” అని వచ్చింది. మా గైడ్‌కి ఏం చెప్పాలో మీలో ఎవరైనా చెప్పండి.