కోటల ప్రయాణానికి ముగ్గురు

నా మొగుడు కోటలు చూడటానికి పోదామన్న రోజే నాకు అనుమానం వచ్చింది. నాది పుట్టు అనుమానమని మా అత్త అంటుంది. అననీ. పద్దెనిమిదేళ్లు మస్కట్‌లో బండి నడిపిన మనిషితో కాపురం చేస్తే ఎవరికైనా వస్తుంది.

ఆయన రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చేవాడు. వచ్చిన నెలంతా పొలం, బ్యాంకు, చుట్టాల పెళ్లిళ్లు. ఇక రేపోమాపో సెలవు అయిపోతుందనగా ఒకరోజు పొద్దున్నే లేచి, "తయారు గాండ్రి, వేములవాడ పోదాం" అనేవాడు. లేకుంటే కొండగట్టు. అక్కడ పాపకు బొమ్మ కొనిచ్చేవాడు, నాకు గాజులు వేయించేవాడు, అందరం ఒక ఫోటో దిగేవాళ్లం. వారం తిరక్కుండా విమానం ఎక్కేవాడు. ప్రతిసారీ ఇదే వరస. ఏడేళ్లప్పుడు పాప కూడా కనిపెట్టేసింది. కొత్త గౌను వేసుకోనని మొండికేసి, "వేములవాడ పోతే బాపు పోతడు" అని తలుపు పట్టుకుని ఏడ్చింది.

కిందటేడు ఆయన పూర్తిగా వచ్చేశానన్నాడు. చొప్పదండి దగ్గరున్న మా ఊళ్లో రెండెకరాల వరి చూసుకుంటూ, పాత కారొకటి కొని, ఇంటి ముందు పెట్టి రోజూ తుడుస్తూ కూర్చున్నాడు. నేను నమ్మినట్టే ఉన్నాను కానీ నమ్మలేదు. పూర్తిగా వచ్చేశామని చెప్పి ఆరు నెలలకే మళ్లీ పెట్టె సర్దుకున్న వాళ్లు మా వాడలోనే నలుగురున్నారు.

దసరా సెలవుల ముందు ఒకరోజు అన్నం తింటూ చెప్పాడు. "పిల్లకు సెలవులొస్తున్నయి. కార్ల నాలుగు రోజులు తిరిగొద్దాం. ఎల్గందుల, రామగిరి, గాంధారి ఖిల్లా. బెల్లంపల్లి మీదికెళ్లి ఆసిఫాబాద్, గాడికెళ్లి జైనూర్, ఉట్నూరు కోట. దార్ల రాకాసి గుళ్లున్నయట, గవి గూడ సూద్దాం."

రాకాసి గుళ్లంటే రాతకోతలు లేని కాలంలో మనుషులు తమ చచ్చినవాళ్లకు పెద్ద పెద్ద బండలతో పేర్చిన సమాధులు. మా వైపు గుట్టల మీద, చెలకల్లో అక్కడక్కడా కనిపిస్తాయి. మేకలవాళ్లు తప్ప వాటి దగ్గరికి పనిగట్టుకుని పోయేది లంకెబిందెల కోసం తవ్వేవాళ్లే. అందుకే మా అత్త చేతిలో ముద్ద చేతిలోనే ఆపింది.

"కొడుకా, లంకెబిందెల పిచ్చి వట్టలే గదా నీకు?"

"లేదవ్వా, ఉత్తగనే సూసొద్దామని" అని ఆయన నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఒక్కరోజు వేములవాడ చూపించి రెండేళ్లు మాయమయ్యే మనిషి, నాలుగు రోజులు తిప్పుతానంటే ఎన్నేళ్లకు పోతున్నట్టు?

మర్నాడు ఆయన పొలానికి పోగానే బీరువా తెరిచాను. పాస్‌పోర్టు ఉంది. దాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి బియ్యం డ్రమ్ములోకి, మోచేతి దాకా చెయ్యి పెట్టి దూర్చాను. చెయ్యి కడుక్కుంటుంటే కొంచెం సిగ్గేసింది. కొంచెమే.

ఇక ఆయన మీద ఒక కన్నేసి ఉంచాను. ఫోన్ వస్తే వాకిట్లోకి పోయి మాట్లాడేవాడు. ఎవరని అడిగితే, "మంచిర్యాల దోస్తు, రోడ్డు ఎట్లున్నదని అడిగిన" అనేవాడు. రెండుసార్లు పొద్దున్నే మోటారు సైకిల్ మీద పోయి మధ్యాహ్నం దుమ్ము కొట్టుకుని వచ్చాడు. పొలం దుమ్ము కాదది, మా పొలం దుమ్ము నాకు తెలుసు. పాపను చాటుకు పిలిచి, బాపు ఫోన్లో ఏం చూస్తున్నాడని అడిగాను. మ్యాపు అంది. ఏ ఊరి మ్యాపు అన్నాను.

"అమ్మా, నువ్వు పోలీసోళ్ల లెక్క అడుగుతున్నవ్" అని విసుక్కుని పోయింది.

వీటన్నిటికీ తోడు ఒక నీలం అట్ట నోట్‌బుక్కు. రోజూ సాయంత్రం అందులో ఏదో రాసి, కారు డాష్‌బోర్డు అరలో పెట్టేవాడు. ఒకరోజు ఆయన స్నానానికి పోయినప్పుడు తీసి చూశాను. ఒక్కో కోటకు ఒక్కో పేజీ. గుండ్రటి అక్షరాలు, ఎక్కడా కొట్టివేతల్లేవు. మొదటి పేజీలో ఇలా ఉంది. "ఎల్గందుల. బండి చింతచెట్టు కింద. పది దాటితే నీడ జరుగుతది. నీళ్లు ఊళ్లనే నింపుకోవాలె. బాత్రూం ముందే సూస్కోవాలె. ఎక్కి దిగుటానికి రెండు గంటలు. మనుషులు: ముగ్గురు."

పేజీ తిప్పాను. రామగిరి, మనుషులు ముగ్గురు. గాంధారి ఖిల్లా, ముగ్గురు. జైనూర్ దారిలో రాకాసి గుళ్లు, అక్కడా ముగ్గురే. కోట ఎవరు కట్టారో, లోపల ఏముందో ఒక్క ముక్క లేదు.

మా ఇంట్లో ఉండేది నలుగురం. అత్త, ఆయన, నేను, పాప. ముగ్గురంటే ఎవరు లేనట్టో నాకు వేరే చెప్పక్కర్లేదు. మమ్మల్ని ఎవరి చేతికో అప్పజెప్పి కోటల చుట్టూ తిప్పిస్తాడు, ఆ సందట్లో తను ఎలాగో పాస్‌పోర్టు వెతికి పట్టుకుని, శంషాబాద్ పోయి విమానం ఎక్కుతాడు. ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది.

ఆయన తల తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి నోట్‌బుక్కు పట్టుకుని కారు దగ్గరే నిలబడ్డాను.

"విమానం ఎప్పుడు?" అన్నాను.

"ఏ విమానం?"

"నువ్వెక్కేది. గిది నీ రాతే గదా? ముగ్గురంటే ఎవలెవలు?"

ఆయన నోట్‌బుక్కు తీసుకుని చూశాడు. "నువ్వు, పిల్ల, అవ్వ."

"మరి నువ్వు?"

"నేను బండి దగ్గరుంట గదా. డ్రైవర్‌ను లెక్కవెట్టరు."

తెలియని వాళ్లకు చెప్పినట్టు, చాలా మామూలుగా అన్నాడు. అన్న తర్వాత ఆ పేజీ వైపే చూస్తూ ఉండిపోయాడు. ఇంకో పేజీ తిప్పాడు, ఇంకోటి తిప్పాడు. తువ్వాల భుజం మీద నుంచి జారి కింద పడినా తీసుకోలేదు.

"గాడ మస్కట్ దిక్కు అన్నీ ఖిల్లాలే" అన్నాడు చివరికి. "గుట్టల మీద వేల ఏండ్ల కిందటి రాతి గోరీలు గూడ ఉంటయి. సేఠ్ ఇంటికి చుట్టాలొస్తే తోల్కపోయేటోన్ని. నీడ సూసి బండి ఆపుడు, నీళ్లిచ్చుడు, వాళ్లు దిగేసరికి ఏసీ వేసి ఉంచుడు. పద్దెనిమిదేండ్లల్ల ఒక్క ఖిల్లా లోపలికి పోలే."

"ఎందుకు పోలే?"

"ఎవలు రమ్మనలే."

అన్ని రోజులు పోగేసుకున్న కోపం ఏం చేయాలో నాకు తెలియలేదు. ఆయన లోపలికి పోయి పెన్ను తెచ్చుకున్నాడు. బానెట్ మీద నోట్‌బుక్కు పెట్టుకుని, ప్రతి పేజీలో ముగ్గురు కొట్టేసి నలుగురు అని రాశాడు. రాస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు, "పాస్‌పోర్టు బియ్యంలకెళ్లి తియ్యి. పురుగు వడ్తది."

"నీకెట్ల ఎరుక?"

"పది దినాలైతుంది. అవ్వ బియ్యం తియ్యమంటే చేతికి తగిలింది. గాడ ఉంటే నీకు నిమ్మలమైతదేమోనని మళ్ల గట్లనే వెట్టిన."

నేను తీస్తానని అన్నాను కానీ తీయలేదు.

బయలుదేరిన రోజు మొదట ఎల్గందుల పోయాం. నోట్‌బుక్కులో ఉన్న చింతచెట్టు కిందే కారు ఆపాడు. ముందు తను దిగి వెనక తలుపు తీశాడు, అత్త చేతికి కర్ర ఇచ్చాడు, పాపకు నీళ్ల సీసా ఇచ్చాడు. మేము నాలుగడుగులు వేశాక చూస్తే మనిషి వెంట లేడు. డిక్కీలోంచి గుడ్డ తీసి అద్దం తుడుస్తున్నాడు. అద్దం మీద దుమ్మేమీ లేదు.

మా అత్త వెనక్కి నడిచి ఆయన చేతిలో గుడ్డ లాక్కుంది. "నా మోకాళ్లు ఎట్లాగూ ఎక్కనియ్యవు. బండి నేను సూస్త. నువ్వు పో కొడుకా" అని చింతచెట్టు కింద చాప పరుచుకుంది.

అయినా ఆయన కదల్లేదు. నా వైపు చూశాడు. ఇన్నేళ్లలో ఫోన్లో ఆయన్ను ఎప్పుడొస్తావని అడిగాను, ఎందుకు రాలేదని అడిగాను. ఎదురుగా ఉన్నప్పుడు నాతో రమ్మని ఎప్పుడూ పిలవలేదు.

"రా" అన్నాను.

కారు తలుపులు రెండుసార్లు లాగి చూసుకుని వచ్చాడు. పాప ముందు పరిగెత్తింది, నేను దాని వెనక, ఆయన నా వెనక. నా అనుమానం ఎక్కడికి పోతుంది, మెట్టుకోసారి వెనక్కి తిరిగి చూశాను. వస్తున్నాడు.